ఒక్క పేరుకి ముప్పై ఎనిమిది పేజీలు

మోడెం అంటే ఏమిటో తెలియనివాళ్లు ఈ రోజుల్లో ఎక్కువైపోయారు కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తాను. అది అరచేతి వెడల్పున్న తెల్ల డబ్బా. ఒక పక్క కంప్యూటరు, ఇంకో పక్క టెలిఫోను తీగ. నంబరు తిప్పగానే కీచుమంటుంది, గొంతు పట్టేసినవాడు ఉప్పునీళ్లు పుక్కిలించినట్టు కాసేపు గరగరలాడుతుంది, ఉన్నట్టుండి నోరు మూసుకుంటుంది. నోరు మూసుకుందంటే అవతలి ఆఫీసు డబ్బాతో మాట కలిసిందని అర్థం. అక్కణ్నించి ఇక్కడి రాత ఫోను తీగలోంచి అక్కడికి నడిచి వెళుతుంది. నడిచి అని ఊరికే అనలేదు.

అది కాగితరహిత పాలనా సంవత్సరం. ఆ సంగతి తెలియజేస్తూ మా ఆఫీసుకి నూట నలభై కాగితాలొచ్చాయి. మాది, బడికి వెళ్లకుండా ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల పేర్లు పోగుచేసి రాజధానిలోని పెద్దాఫీసుకి పంపే ఉపకార్యాలయం. ఇకమీదట అభ్యర్థుల పేర్లు మోడెం ద్వారా మాత్రమే స్వీకరించబడును, తపాలా ద్వారా గానీ మనుష్యుల ద్వారా గానీ వచ్చినచో తిరస్కరించబడును, అన్నది ఆ నూట నలభైలో ఉన్న సారం. డబ్బాకి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు డబ్బాలోకి పోకుండా దోసిలి అడ్డంపెట్టినవాణ్ని నేనే. నా పేరు తవిటినాయుడు, జూనియర్ అసిస్టెంటుని. మూడు నెలల కంప్యూటరు కోర్సు చేశానని ఎవడో చెప్పబట్టి ఆ డబ్బా నా నెత్తిన పడింది.

మార్చి నాలుగో తారీఖున మజ్జి పైడమ్మ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో లెక్కల పుస్తకం. మా ఊరికి ఆరు మైళ్ల దూరంలో ఒక పల్లెలో అంగన్‌వాడీ ఆయా.

"అందరికీ హాల్ టికెట్లు వొచ్చీసినాయి బావూ, నాకే రాలేదు. ఏటైందో సూడండి" అంది.

రిజిస్టరు తీసి చూశాను. ఆవిడ పేరు పేజీలో ఆఖరి గీత మీద ఉంది. జాబితా టైపు చేసేటప్పుడు పేజీ తిప్పే తొందరలో ఆ గీత వదిలేశాను. తప్పు నాదే. ఎవరి మీదికీ తోసెయ్యడానికి వీల్లేనంత నాది.

"ఈ పరీక్ష తప్పిపోతే ఎలగ బావూ? మా టీచరమ్మ జూన్ల దిగిపోతాది. పది పాసై ఉంటే ఆ ఉజ్జోగం నాకే ఇత్తామన్నారు. పదకొండేళ్లై పిల్లల ముక్కులు తుడుత్తన్నాను. ఆవిడ పదింటికొచ్చి పదకొండింటికి ఎలిపోతాది, అచ్చరాలు నానే నేర్పుతన్నాను. రేపు ఏ పది పాసైన పిల్లో వొచ్చి కుర్చీలో కూకుంటే, ఆ పిల్లకి నాను నీల్లు అందియ్యాల."

నాకు సిగ్గేసింది. "ఏం కంగారు లేదమ్మా. వదిలేసిన పేర్లు పంపడానికి పదిహేనో తారీఖు దాకా గడువుంది. ఒక్క పేరే కదా, మీరు కూర్చోండి, ఇప్పుడే పంపేస్తాను" అన్నాను. ఇప్పుడే అన్న మాట ఆఫీసులో అనకూడదని నాకు అప్పటికి తెలియదు.

పేరు, భర్త పేరు, పుట్టిన తేదీ, ఊరు టైపు చేశాను. మొత్తం రెండు గీతలు. పెద్దాఫీసు నంబరు తిప్పాను. నాలుగోసారికి కలిసింది. డబ్బా కీచుమంది, గరగరలాడింది, నోరు మూసుకుంది. 'పంపబడుచున్నది' అని తెర మీద పడింది. పైడమ్మ దణ్ణం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు పక్క గదిలో సూపరింటెండెంటు భీమశంకరం గారు ఫోనెత్తారు.

మా ఆఫీసుకి ఉన్నది ఒకటే లైను. దాని పిల్ల ఫోను ఒకటి ఆయన బల్ల మీద ఉంటుంది. రోజూ పన్నెండూ పదికి ఆయన ఇంటికి ఫోను చేసి ఇవాళేం కూరో కనుక్కుంటారు. కూర తెలిసేదాకా ఆయనకు పని మీద మనసు నిలవదు. తెలిశాక ఆలోచన అంతా కూర మీద ఉంటుంది.

"హలో! ఎవరూ? ఏమిటా గరగర? కాంతం, నువ్వేనా?" అన్న కేక గోడ ఇవతలికి వినిపించింది. తెర మీద 'సంబంధము తెగినది' అని వచ్చింది.

మళ్లీ పంపుదామని చెయ్యి పెట్టానో లేదో, భీమశంకరం గారు గుమ్మంలోకి వచ్చారు. "ఆగవోయ్! పంపినది పోకపోతే వివరణ రాయాలి. ఆ వివరణ జతచేసి పంపాలి. పూర్వపు కాగితం జతపరచనిదే ఏ కాగితమూ ఈ గుమ్మం దాటలేదు, నేను సర్వీసులో చేరిన దగ్గర్నించీ."

"ఏమని రాయమంటారండీ?"

"ఉన్నది ఉన్నట్టు రాయి."

"తమరు ఫోనెత్తారని రాయనా?"

ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చాలాసేపు చూశారు. "సాంకేతిక కారణములవల్ల అని రాయి" అన్నారు.

రాశాను. సంతకం పెట్టాను. ఆయనా పెట్టారు. సంతకం టైపు చేస్తే చెల్లదు కాబట్టి ఆ పేజీని స్కానరు మీద బోర్లించి ఫొటో తీసి పైడమ్మ పేరు కింద తగిలించాను. పంపే ముందు డిప్యూటీ ఆఫీసరు గారికి చూపించాలి. ఆయన చిదంబరేశ్వరరావు గారు. సర్క్యులర్లు రాసి రాసి ఆయన మాట కూడా సర్క్యులరైపోయింది. ఇంట్లో మంచినీళ్లు అడిగేటప్పుడు ఎలా అడుగుతారో నాకు తెలియదు.

"తవిటినాయుడు గారూ, సదరు వివరణ పరిశీలించబడినది. అది సంతృప్తికరముగా లేదని భావించబడుచున్నది" అన్నారు.

"ఎవరు భావిస్తున్నారండీ?"

"నాచే భావించబడుచున్నది."

అలాగని కాగితం కింద ఆకుపచ్చ సిరాతో రాసి సంతకం చేశారు. గెజిటెడ్ అధికారి కదా, ఆకుపచ్చ సిరా ఆయన హక్కు. నేను ఆ పేజీని మళ్లీ స్కాను చేశాను. తెర మీద చూసుకుని ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. ఆకుపచ్చ సిరా నల్లగా పడింది.

"ఇది ఏమి? నా సంతకము గుమాస్తా సంతకమువలె కానవచ్చుచున్నది!"

"నలుపు తెలుపులో తీశానండీ. రంగుల్లో తీస్తే పేజీ బరువు ముప్పై రెట్లు పెరుగుతుంది. మన లైను మీద ఒక్కో పేజీకి పది నిమిషాలు పడుతుంది."

"ప్రభుత్వ రంగు విషయమున రాజీ లేదు" అన్నారాయన. ఆనాటి నుంచి మా ఆఫీసులో ప్రతి పేజీ రంగుల్లోనే.

మర్నాడు పేరు, పాత వివరణ, దానికి మళ్లీ రాసిన వివరణ, మొత్తం మూడు పేజీలు పంపడం మొదలుపెట్టాను. మూడో పేజీ సగంలో ఉండగా పన్నెండూ పదయింది. నాలుగో పేజీ తయారైంది. అందులో మూడో పేజీ ఎందుకు ఆగిందో ఉంది. ఆపై రోజు ఆ నాలుగో పేజీ ఎందుకు ఆగిందో ఐదో పేజీలో రాశాం. సంతకాలన్నీ పడి లైను కలిసేసరికి రోజూ పదకొండున్నర దాటేది. ఎంత రాస్తే అంత ఆలస్యం, ఎంత ఆలస్యమైతే అంత రాయాలి. భీమశంకరం గారు మాత్రం కూర విషయంలో ఒక్కరోజు కూడా తప్పలేదు.

తెగిన చోటి నుంచే మొదలుపెట్టే ఏర్పాటు ఆ కంప్యూటర్లో ఉంది. చెప్పాను. "సగము పేజీ ఒకనాడు, సగము పేజీ మరొకనాడు వెళ్లినచో ఏ తేదీన పంపినట్లు? మొదటినుండి పంపవలయును. నిజాయితీ అనగా అదియే" అన్నారు డిప్యూటీ గారు.

పైడమ్మ రోజూ పదింటి బస్సుకి వచ్చేది. "ఎల్లిందేటి బావూ నా పేరు?"

"ఐదో పేజీలో ఉన్నామమ్మా."

"నా పేరు ఒక్క గీతే కదా. ఈ పేజీలన్నీ ఏటి?"

"మీ పేరు ఎందుకు వెళ్లలేదో రాసినవి."

"ఎందుకెల్లలేదో వోలకెందుకు? పేరు సెప్తే సాలదేటి? ఆ ఫోను నాకియ్యండి, నా పేరు నానే సెప్తాను."

"మనుషులు చెబితే తీసుకోరమ్మా. డబ్బా చెప్పాలి."

"ఆ డబ్బాకి పసుపూ బొట్టూ ఉండడం సూసినప్పుడే అనుకున్నాను" అని, వరండాలో కూర్చుని లెక్కలు చేసుకునేది.

ఎనిమిదో తారీఖున ఈ మందగమనాన్ని పైవాళ్లు పట్టించుకున్నారు. 'మోడెం మాంద్య నిర్మూలన సంఘం' అని ఒకటి వేశారు. అధ్యక్షుడు డిప్యూటీ ఆఫీసరు గారు, కన్వీనరు సూపరింటెండెంటు గారు, సభ్యుణ్ని నేను. సాంకేతిక సలహాదారుగా జిల్లా కేంద్రం నుంచి దివాకర్ అనే అతను వచ్చాడు. పనిమంతుడు. వచ్చిన ఐదు నిమిషాల్లో తీగ పట్టుకుని గోడ వెంట నడిచి, పక్క గదిలోకి తొంగిచూసి, నన్ను వరండాలోకి పిలిచాడు.

"సార్, లోపల పెద్దాయన బల్ల మీద ఇదే లైను ఫోనుంది. అది పీకేస్తే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది."

"ఆయనే కన్వీనరు."

"అయ్యో" అన్నాడు దివాకర్. అతనికీ ఉద్యోగం ఉంది, పెళ్లాంబిడ్డలున్నారు. లోపలికి వెళ్లి రిపోర్టులో ఇలా రాశాడు: 'లైనుపై అప్పుడప్పుడు మానవ ప్రమేయము గోచరించుచున్నది. ముఖ్యముగా మధ్యాహ్నము పన్నెండు గంటల తరువాత.'

సంఘం మొదటి సమావేశం ఆ వాక్యం మీదే మూడు గంటలు నడిచింది.

"పన్నెండు దాటాక ఏమవుతుంది? ఎండ ముదురుతుంది!" అన్నారు భీమశంకరం గారు, ఎంతో నమ్మకంగా. "ఎండకి తీగ సాగుతుంది. తీగ సాగితే దూరం పెరుగుతుంది. దూరం పెరిగితే ఆలస్యం కాదూ?"

దివాకర్ ఏదో అనబోయాడు. అధ్యక్షుల వారు చెయ్యెత్తారు. "కన్వీనరు గారి అభిప్రాయము శాస్త్రీయముగా ఉన్నది. తీగను కొలవవలసినదిగా ఆదేశించడమైనది."

కొలిచాం. పొద్దున పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి, టైలరు దగ్గర అరువు తెచ్చిన టేపుతో. రెండు కొలతలూ ఒకటే వచ్చాయి. రెండోసారి కొలిచినప్పుడు టేపు కూడా ఎండకి సాగి ఉంటుందని భీమశంకరం గారు వాదించారు. అందువల్ల తీగ మీద తడి గోనెసంచులు కప్పి, గంటకోసారి నీళ్లు చల్లాలని తీర్మానమైంది. గోనెసంచులు కప్పకముందు ఒక ఫొటో, కప్పాక ఒక ఫొటో తీసి జత చేశాం. రంగుల్లో.

దివాకర్ మంచివాడు, ఊరుకోలేక ఇంకో సలహా చెప్పాడు. "సార్, పేజీలన్నీ కలిపి కుదించి పంపొచ్చు. అవతల వాళ్లు విప్పుకుంటే ఎప్పట్లాగే వస్తాయి. బరువు తగ్గుతుంది."

డిప్యూటీ గారి ముఖం గంభీరమైంది. "కుదించుట అనగా? అందులో నా సంతకము కూడా కుదించబడునా?"

"అన్నీ కుదిస్తుందండీ, కానీ మళ్లీ..."

"ఎంతమేరకు?"

"సగానికి సగం తగ్గొచ్చు."

"సగము సంతకము చెల్లునా? మార్గమధ్యమున నేను ఎంతమేరకు అధికారినై ఉందును? ఈ ప్రతిపాదన తిరస్కరించడమైనది. తిరస్కరించినట్లు ఒక పేజీ జతపరచవలెను."

అలా పద్నాలుగో తారీఖు సాయంత్రానికి కట్ట ముప్పై ఎనిమిది పేజీలకి చేరింది. మొదటి పేజీలో రెండు గీతలు పైడమ్మవి. మిగతా ముప్పై ఏడూ మావి. ఒక్కో పేజీకి పది నిమిషాల చొప్పున ఆరు గంటల ఇరవై నిమిషాలు. పొద్దున ఆఫీసు తెరిచీ తెరవగానే మొదలుపెట్టి, మధ్యలో ఎవరూ ఫోను ముట్టుకోకపోతే, మూసే వేళకి పూర్తవుతుంది. మర్నాడే గడువు. నేను ఆ లెక్క వేసి తల పట్టుకుని కూర్చున్నాను. పైడమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"బావూ, దాపరికం లేకుండా సెప్పండి. రేపెల్తాదా, ఎల్లదా?"

ఆవిడ ముఖం చూసి అబద్ధం చెప్పలేకపోయాను. పక్క గదికేసి చూపించి, మెల్లగా, మొత్తం చెప్పేశాను. ఆవిడ విని, కోప్పడలేదు. "ఓస్, ఇంతేనా!" అంది.

పదిహేనో తారీఖున ముందు బస్సుకే వచ్చి, పదింటికల్లా, భీమశంకరం గారు రాకముందే పైడమ్మ ఆయన గదిలో ఉంది. ఫోను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఎడమచెయ్యి రిసీవరు మీద పెట్టి, కుడిచేత్తో నోటు పుస్తకంలో లెక్క చేస్తోంది. నేను పదీ ఇరవై ఐదుకి నంబరు తిప్పాను. ఒక్కసారికే కలిసింది.

"ఏమిటిది? ఇది ఆఫీసనుకున్నావా, సంత అనుకున్నావా?" అన్నారు భీమశంకరం గారు లోపలికి వస్తూనే.

"ఆఫీసే బావూ. సంతైతే ఈపాటికి పనై ఎలిపోదును" అంది పైడమ్మ, చెయ్యి తియ్యకుండా.

ఆయన అటెండర్ని పిలిచారు. అటెండరు వచ్చి పైడమ్మని చూసి, తలుపు దగ్గరే తలవంచుకుని నిలబడ్డాడు. వాడి ఇద్దరు పిల్లలకీ అక్షరాలు దిద్దించింది ఆవిడేనట.

పన్నెండూ పదికి ఆయన చెయ్యి అలవాటుకొద్దీ ఫోను మీదికి వెళ్లింది. అప్పటికి పది పేజీలు దాటాయి.

"బెండకాయ ఏపుడు బావూ. మజ్జిగపులుసు" అంది పైడమ్మ.

"నీకెలా తెలుసు?"

"వొచ్చీదోవలో మీ ఇంటికెల్లి అమ్మగోర్ని అడిగి వొచ్చినాను. అప్పడాలు కూడా ఏయించుతానన్నారు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తెలియవలసింది తెలిసిపోయాక మనిషికి ఇక ఏం తోచలేదు. కాసేపు కిటికీలోంచి గోనెసంచుల్ని చూశారు. తరవాత ఆవిడ నోటు పుస్తకంలోకి తొంగి చూశారు.

"ఏమిటా లెక్క?"

"గోడకి నిచ్చెన జేరేసినారట. ఎంతెత్తు ఎక్కిందో కట్టాల. మీరు పెద్ద సదువులు సదివినోరు కదా, కొంచెం సెప్పండి బావూ."

ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ నిచ్చెనని ఇరవై నిమిషాలు చూశారు. "సిలబస్ మారిపోయిందమ్మా" అన్నారు చివరికి. ఈలోగా రెండు పేజీలు వెళ్లిపోయాయి.

నాలుగూ నలభై ఐదుకి తెర మీద 'పూర్తిగా చేరినది' అని పడింది. నేను కుర్చీలోంచి లేచి కేకపెట్టాను. పైడమ్మ రిసీవరు మీదనుంచి చెయ్యి తీసి, తిమ్మిరెక్కిన వేళ్లు విదిలించుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు కన్నీళ్లొచ్చాయి. డిప్యూటీ గారు "ఈ విజయము సంఘము యొక్క సమష్టి కృషికి నిదర్శనముగా భావించబడుచున్నది" అన్నారు. గోనెసంచుల పథకం మిగతా ఆఫీసులకి కూడా సిఫార్సు చేశారు.

పంతొమ్మిదో తారీఖున పెద్దాఫీసు నుంచి కవరొచ్చింది. పైడమ్మ బస్సు దిగి నేరుగా వచ్చి నా బల్ల ముందు నిలబడింది. కవరు చింపాను. అందులో నాలుగు హాల్ టికెట్లున్నాయి.

ఒకటి భీమశంకరం గారి పేరున. ఒకటి దివాకర్ పేరున. ఒకటి నా పేరున. నాలుగోది చిదంబరేశ్వరరావు గారి పేరున. పైడమ్మ పేరున లేదు.

కవరులో ఒక ఉత్తరం కూడా ఉంది. 'మీరు పంపిన ముప్పై ఎనిమిది పేజీల అనుబంధ జాబితా కంప్యూటరుచే పరిశీలించబడినది. పేరు, సంతకము, తేదీ గల అందరికీ హాల్ టికెట్లు జారీ చేయడమైనది. మొదటి పేజీలో సంతకము లేనందున తిరస్కరించడమైనది.' సంతకాల కింద వేసిన తేదీలని మా పుట్టిన తేదీలుగా తీసుకున్నారు. ఆ లెక్కన డిప్యూటీ ఆఫీసరు గారు పుట్టి రెండు వారాలైంది.

పైడమ్మ ఆ నాలుగు టికెట్లనీ ఒక్కొక్కటే చదివింది. మళ్లీ చదివింది.

"నా పేరు పంపమంటే మీ పేర్లు పంపుకున్నారు" అంది. గొంతు పెంచలేదు. అక్కడే గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదకొండు రోజులు ఆ గడప అవతల వరండాలో కూర్చునే ఆవిడ పుస్తకం మొత్తం తిరగేసింది. నా మీద నాకే అసహ్యమేసింది.

డిప్యూటీ గారు మమ్మల్ని, సంఘం పని మీద ఆ రోజు వచ్చి ఉన్న దివాకర్‌నీ లోపలికి పిలిచారు. ఆ ఏడాది పెద్దాఫీసు ఇంకో ఉత్సాహంలో ఉంది: 'శూన్య గైర్హాజరు'. హాల్ టికెట్టు వచ్చినవాడు పరీక్షకి రాకపోతే ఆ ఉపకార్యాలయం అధికారి మీద చర్య.

"పేర్లు తొలగించమని పంపుదామండీ" అన్నాను.

"ఏ విధముగా?"

"మోడెం మీద."

"పూర్వపు కాగితాలతోనా?" అన్నారు భీమశంకరం గారు నీరసంగా. పైగా గడువు దాటి నాలుగు రోజులైంది.

"అయితే మనము పదవ తరగతి పరీక్ష వ్రాయవలసియున్నది" అన్నారు డిప్యూటీ గారు. అంటూ ఉండగానే ఆయన చేతిలో టికెట్టు తడిసిపోయింది.

కోపంలో నా టికెట్టుని అటూ ఇటూ తిప్పుతూ ఉంటే, వెనకవైపు సన్నక్షరాలు కనపడ్డాయి. 'పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన తేదీ, స్త్రీ పురుష వివరము, ఫొటోలందు ముద్రణ దోషములున్నచో ఉపకార్యాలయ అధికారి ఆకుపచ్చ సిరాతో సవరించవచ్చును. నంబరు, పరీక్షా కేంద్రము మార్చరాదు.'

ఒక్క ఉదుటున పైడమ్మని లోపలికి పిలుచుకొచ్చి, అందరి ముందూ గట్టిగా చదివాను. "ఇందులో ఒక టికెట్టు మీద ముద్రణ దోషాలు పడ్డాయి సార్. ఏ టికెట్టు మీదో తమరు తేల్చాలి."

అర్థమవడానికి అర నిమిషం పట్టింది. ఆ తరవాత ఆ గదిలో జరిగింది చూడాల్సిందే.

"నాది దోషమే! పుట్టిన తేదీ చూడమ్మా, పూర్తిగా దోషం!" అని భీమశంకరం గారు టికెట్టు ముందుకి తోశారు.

"మేడమ్, నా టికెట్టు తీసుకోండి. నేనసలు ఈ ఆఫీసువాణ్నే కాదు" అన్నాడు దివాకర్.

నేను మాత్రం తక్కువ తిన్నానా? "పైడమ్మగారూ, మీకోసం మొదటి రోజు నుంచీ తాపత్రయపడింది నేనే కదా" అన్నాను. పేరు వదిలేసింది కూడా నేనేనన్న సంగతి ఆ క్షణంలో గుర్తురాలేదు.

పైడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, తీరిగ్గా నాలుగు టికెట్లూ బల్ల మీద పరిచింది. పేర్లు చూడలేదు. పరీక్షా కేంద్రం ఎక్కడో చూసింది. "ఇది మా ఊరి పక్క హైస్కూలే. నడిసెల్లిపోవొచ్చు. పొద్దున పిల్లల్ని దిగబెట్టేసి ఎల్తాను" అని డిప్యూటీ ఆఫీసరు గారి టికెట్టు తీసుకుంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. కలం తెరిచి, ఆకుపచ్చ సిరాతో, ఒక్కో గడినీ కొట్టేస్తూ రాశారు. 'అభ్యర్థి పేరు చిదంబరేశ్వరరావు అనుట ముద్రణ దోషము. మజ్జి పైడమ్మ అని చదువుకొనవలెను. పురుషుడు అనుట ముద్రణ దోషము. స్త్రీ అని చదువుకొనవలెను.' నాలుగు చోట్ల సంతకం పెట్టి, స్టాంపు వేసి, నకలు పెద్దాఫీసుకి పంపించారు. తాను లేనని అంత సంతోషంగా సంతకం పెట్టిన మనిషిని నేను చూడలేదు.

మేం ముగ్గురం పరీక్ష రాశాం. నా వెనక బెంచీలో భీమశంకరం గారు. గోడకి నిచ్చెన చేరేసిన లెక్క రానే వచ్చింది. ఆయన నిట్టూర్పు నాకు వినిపించింది.

మే నెలలో ఫలితాలొచ్చాయి. పైడమ్మ అన్నీ పాసైంది, లెక్కల్లో అరవై రెండు. దివాకర్ పాసై మళ్లీ మా ఊరి ఛాయలకి రాలేదు. నాకు తెలుగులో ఎనభై, లెక్కల్లో ముప్పై ఒకటి. భీమశంకరం గారికి పంతొమ్మిది. వారం తిరక్కుండా సర్క్యులరొచ్చింది: పరీక్ష రాసిన ఉద్యోగులు సప్లిమెంటరీలో కూడా పాసు కానిచో, సర్వీసు రిజిస్టరులో విద్యార్హత గడిలో 'పదవ తరగతి ఫెయిలు' అని నమోదు చేయబడును. నేను బి.ఏ. ఫస్టు క్లాసని మనవి చేసుకున్నాను. తాజా ఫలితమే ప్రామాణికమని జవాబొచ్చింది.

జూన్‌లో పైడమ్మకి ఉద్యోగమొచ్చింది. డిప్యూటీ ఆఫీసరు గారికి మాత్రం అదే నెల నుంచి ఉత్తరాలు రావడం మానేశాయి. మా ఆఫీసుకి వచ్చే ప్రతి ఉత్తర్వు మీదా 'శ్రీమతి మజ్జి పైడమ్మ, డిప్యూటీ ఆఫీసరు గారికి' అని ఉంటోంది. పెద్దాఫీసు కంప్యూటరు ఆయన సవరణని ఆయన పేరు ఉన్న ప్రతిచోటా చేసేసింది. తాను చిదంబరేశ్వరరావునని ఆయన రాశారు. 'సదరు పేరు ముద్రణ దోషమని ఆకుపచ్చ సిరాతో ధ్రువీకరించబడియున్నది, కావున మీ లేఖపై మీ అధికారిణి సంతకము అవసరము' అని బదులొచ్చింది.

మార్కుల జాబితా తీసుకోవడానికి వచ్చిన రోజున పైడమ్మ నాది కూడా అడిగి చూసింది. నవ్వలేదు. "నిచ్చెన లెక్క రాలేదేటి బావూ? సాయంత్రం నాలుగింటికి సెంటరుకి రండి. పిల్లలెలిపోయాక సెప్తాను" అంది.

ఇదెక్కడి ఖర్మరా అనుకుంటూనే ఒక సాయంత్రం పలకా బలపం లాంటివేవీ లేకుండా, ఒక నోటు పుస్తకం మాత్రం చొక్కా కింద దాచుకుని వెళ్లాను. గోడ నిండా అ ఆలు, జంతువుల బొమ్మలు. నేల మీద పిల్లల చాప. ఆ చాప మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, భీమశంకరం గారు అప్పటికే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పక్కకి జరిగారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పైడమ్మ గోడ మీద నిచ్చెన బొమ్మ గీస్తోంది. అప్పుడు గుమ్మంలో నీడ పడింది. డిప్యూటీ ఆఫీసరు గారు, చెప్పులు బయట విడిచి, రెండు చేతులతో ఒక కాగితం పట్టుకుని నిలబడ్డారు. తాను తానేనని రాసుకున్న అర్జీ అది.

"మీ సంతకమునకై వచ్చితిని... వచ్చానమ్మా" అన్నారు.

పైడమ్మ వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. ఆ కాగితాన్ని చూసింది. చాప చివర ఇంకా కాస్త చోటుంది.

"కూకోండి బావూ. లెక్కలయ్యాక సూత్తాను" అంది.